1878లో ఇంగ్లిషు పత్రిక ఎందుకు పెట్టారు?

ఢిల్లీలో అచ్చయ్యే ఇంగ్లిషు పత్రికను ‘జాతీయ’ పత్రిక అంటాం. లక్షల మంది చదివే తెలుగు పత్రిక మాత్రం ‘ప్రాంతీయ’ పత్రికే. మనసుకు కష్టం కలిగించే ఈ తేడా వెనుక పాత కథ ఉంది.

మొదటి వందేళ్లు మన దేశంలో ఇంగ్లిషు పత్రిక ప్రధానంగా దొరల వ్యవహారమే. 1780లో కలకత్తాలో జేమ్స్ ఆగస్టస్ హికీ పెట్టిన ‘బెంగాల్ గెజిట్’ గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ మీదే దుమ్మెత్తిపోసింది. హికీ జైలుపాలయ్యాడు, 1782లో అచ్చు అక్షరాలు కూడా జప్తయ్యాయి.

1878 మార్చిలో వైస్రాయి లిట్టన్ దేశభాషా పత్రికల మీద చట్టం తెచ్చాడు. మేజిస్ట్రేటు పూచీకత్తు రాయించుకోవచ్చు, ప్రెస్సునే పట్టుకుపోవచ్చు. కోర్టుకు వెళ్లే దారి లేదు. ఇంగ్లిషు పత్రికల జోలికి మాత్రం చట్టం పోలేదు. బెంగాలీ, ఇంగ్లిషు రెండింటిలో వచ్చే ‘అమృతబజార్ పత్రిక’ వారం రోజుల్లోనే పూర్తి ఇంగ్లిషు పత్రికగా మారింది. తర్వాతి వైస్రాయి రిప్పన్ కాలంలో చట్టం రద్దయినా అది మళ్లీ బెంగాలీకి రాలేదు. నాకు ఈ కథలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

అదే ఏడాది మద్రాసులోనూ ఒక ఇంగ్లిషు పత్రిక పుట్టింది, కానీ కారణం వేరు. భారతీయుడైన టి. ముత్తుస్వామి అయ్యర్‌ను హైకోర్టు న్యాయమూర్తిగా నియమిస్తే తెల్లవారి పత్రికలు విరుచుకుపడ్డాయి. వాళ్లకు అర్థమయ్యే భాషలోనే బదులివ్వాలనుకున్నారు ఇద్దరు ఉపాధ్యాయులు, నలుగురు న్యాయశాస్త్ర విద్యార్థులు. రూపాయి పన్నెండణాలు అప్పు తెచ్చి, సెప్టెంబరు 20న ‘ది హిందూ’ తొలి సంచిక వేశారు. అచ్చయినవి 80 ప్రతులు. ఆ విద్యార్థుల్లో ఒకరు న్యాపతి సుబ్బారావు పంతులు, తర్వాత రాజమండ్రిలో పేరుమోసిన నాయకుడు.

ఆ దారిలో తెలుగువారు చాలా దూరమే వెళ్లారు. విజయనగరం నుంచి వెళ్లిన సి.వై. చింతామణి అలహాబాదులో ‘లీడర్’ నడిపారు. 1938లో లక్నోలో మొదలైన ‘నేషనల్ హెరాల్డ్’కు తొలి సంపాదకుడు కోటంరాజు రామారావు.

టంగుటూరి ప్రకాశం పంతులు మాత్రం 1921లో మద్రాసులో ‘స్వరాజ్య’ పెట్టి, వకీలుగా గడించిన డబ్బంతా దానికే ధారపోశారు. దాన్ని ఇంగ్లిషుతో ఆపలేదు. తెలుగు, తమిళాల్లోనూ నడిపారు.