పడమటి గోడ

తిరుపతి,
మే నెల, రాత్రి పదిన్నర

చిన్నూకి, బుజ్జికి తాత ఆశీస్సులు.

మొన్న ఫోన్లో చిన్నూ అడిగాడు కదా, "పాత ఇంట్లో ఏసీ లేకుండా ఎట్లా పడుకునేవాళ్లు తాతా?" అని. "అలవాటు నాయనా" అని తప్పించుకున్నాను. అది ఉత్త అబద్ధం. అసలు సంగతి కాస్త పొడుగు, అందుకే ఈ ఉత్తరం.

పాత ఇల్లు గోవిందరాజస్వామి గుడి దగ్గర, తూర్పు పడమరలుగా పోయే వీధిలో ఉండేది. ఆ గుడిని 1130లో రామానుజులవారు ప్రతిష్ఠించారంటారు. ఊరు దాని చుట్టూనే పెరిగింది. మా వీధిలో ఇళ్లన్నీ గోడకు గోడ ఆనుకుని ఉండేవి. పక్కింట్లో రోకలి వేస్తే మా గూట్లో దీపం కదిలేది. చిన్నప్పుడు నాకది మహా విసుగు.

ఇప్పుడు సూర్యుడి సంగతి చూడండి. మన తిరుపతిలో ఏప్రిల్ చివర్లో ఆయన మిట్టమధ్యాహ్నం సరిగ్గా నెత్తిమీదికొస్తాడు. నీడ కాళ్ల కిందే దాక్కుంటుంది. అందుకని ఎండాకాలంలో దక్షిణపు గోడకు, ఉత్తరపు గోడకు పెద్దగా ఎండ తగలదు. దెబ్బంతా మిద్దెకు, పొద్దున తూర్పు గోడకు, సాయంత్రం పడమటి గోడకు. మా పాత ఇంటికి తూర్పున ఒక ఇల్లు, పడమర ఒక ఇల్లు. ఎండ తగలడానికి ఆ రెండు వైపులా గోడే లేదు! ఇక మిగిలింది మిద్దె. దాని మీద సాయంత్రం నాలుగు బిందెల నీళ్లు చల్లేవాళ్లం.

ఈ ఇంటి సంగతికొస్తే, రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో రేణిగుంట వైపు లేఔట్లో కార్నర్ ప్లాటు కొన్నాను. కార్నర్ దొరికిందని ఎంత మురిసిపోయానో మీ అవ్వనడగండి. పడమర నలభై అడుగుల రోడ్డు, అవతల ఖాళీ ప్లాట్లు, చెట్టన్నది లేదు. రెండు గంటల నుంచి పొద్దు గూకేదాకా ఎండంతా పడకగది గోడ మీదే. ఇది రాస్తూ లేచి చెయ్యి పెట్టి చూశాను. ఇంత రాత్రప్పుడు కూడా గోడ అప్పుడే దించిన ఇడ్లీ పాత్రలా ఉంది. సిమెంటు, తారు పగలు తాగిన వేడిని రాత్రి కక్కుతాయి. ఏసీ వేస్తే అది గదిలో వేడిని తీసుకెళ్లి సందులో పోస్తుంది, తాను తిన్న కరెంటు తాలూకు వేడి కూడా కలిపి. ఆ సందులోకే పక్కింటి కిటికీ. వాళ్లు ఆ కిటికీ మూసి, పోయిన నెల వాళ్లూ ఏసీ పెట్టించారు.

నేను మీటర్ రీడింగ్ తీసిన మనిషిని. ఒకే సైజు ఇళ్లు, ఒకే రకం జీతాలు, అయినా ఒక వరసకు బిల్లు ఎక్కువ, ఎదురు వరసకు తక్కువ. మీటరు చెడిపోయిందని నాతో కొట్లాటకొచ్చేవాళ్లు. ఏ గది పడమటి ఎండకు ఉందో చూడాలని అప్పట్లో నాకూ తట్టలేదు.

కరెంటుతో అయిపోలేదు. పాత ఇంట్లో కరివేపాకు అయిపోతే ఎసరు మరిగేలోపు నడిచెళ్లి తెచ్చేవాణ్ణి. ఇక్కడినుంచి మార్కెట్టుకు ఏడు కిలోమీటర్లు. రానూపోనూ పద్నాలుగు. నా స్కూటర్ లీటరుకు యాభై ఇస్తుంది. ఏడాదికి మూడొందల రోజులు తిరిగితే 84 లీటర్లు. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. క్యాలెండర్ వెనక లెక్క వేసుకున్నాను: దాదాపు 193 కిలోలు. నేనూ, స్కూటరూ కలిపి తూగినా అంత ఉండమేమో! అదంతా కూరగాయల కోసం. నీళ్లూ అంతే, ఎంత దూరం తోస్తే అంత కరెంటు.

బస్సెక్కొచ్చు కదా అంటారు. ఇళ్లు విసిరేసినట్టు ఉన్నచోట నలుగురి కోసం బస్సెవరు నడుపుతారు? 1990 నాటి లెక్క ఒకటుంది. అమెరికాలో అట్లాంటా జనం 25 లక్షలు, స్పెయిన్‌లో బార్సిలోనా జనం 28 లక్షలు. బార్సిలోనా 162 చదరపు కిలోమీటర్లలో సర్దుకుంది, అట్లాంటా 4,280 చదరపు కిలోమీటర్లకు పరుచుకుంది. అక్కడ కారు లేకపోతే కాలు కదలదు మరి.

అలాగని ఇరుకంతా మంచిదనుకోకండి. మరీ ఇరుకు సందుల్లో పగలు నీడ ఉంటుంది గానీ, రాత్రి వేడి పైకి పోలేదు, గాలి ఆడదు. ఒకటే ఉక్క. కొండ నీళ్లు దిగే కాలువల మీద ఇళ్లు కట్టినా తిప్పలే. 2021 నవంబరు వానలకు కాలనీల్లో నీళ్లు నిలిచినప్పుడు మీ నాన్న ఫోన్ మీద ఫోన్ చేశాడు, గుర్తుందా?

పడమటి వైపు కానుగ మొక్క నాటాను. మొదటిదాన్ని మేకలు తినేశాయి. ఈసారి చుట్టూ ముళ్లకంప కట్టాను. ఇప్పటికి బుజ్జి మోకాలంత ఉంది. సెలవులకు వచ్చినప్పుడు నీళ్లు పోసే పని మీదే.

మీ అవ్వ దోమతెర పట్టుకుని మిద్దె మీదినుంచి కేకేస్తోంది. రెండో కొస నేను కట్టాలట. ఉంటాను.

మీ తాత