చేదలో పైకి వచ్చిన చేప

మధ్య, దక్షిణ కేరళలో పెరటి బావిలో చేద వేసి నీళ్లు తోడేటప్పుడు, ఎప్పుడో ఒకసారి నీటితోపాటు ఎర్రటి దారప్పోగు వంటిది పైకి వస్తుంది. చూడగానే వానపాము అనిపించి పారబోయబుద్ధి పుడుతుంది. నిదానించి చూస్తే మూతి చుట్టూ నాలుగు జతల మీసాలు కనిపిస్తాయి. కళ్లు మాత్రం ఉండవు. చర్మంలో రంగు లేకపోవడం వల్ల లోపలి నెత్తురే పైకి ఎర్రగా కనిపిస్తుంది. మూడు సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉండే హోరాగ్లానిస్ అనే ఈ చేప, మన చెరువుల్లో ‘మార్పు’ అని పిలిచే మీసాల చేప పుట్టిన క్లారిడే కుటుంబానికే చెందినది.

దీని నివాసం బావి కాదు. లేటరైట్ అనే ఎర్రని గుల్లరాతి పొరల్లో నిలిచే భూగర్భజలంలో ఇది బతుకుతుంది; బావి మనకు ఆ చీకటిలోకి తెరుచుకున్న కిటికీ మాత్రమే. కొట్టాయం బావుల్లో దొరికిన చేపను 1950లో మీనన్ అనే శాస్త్రవేత్త వర్ణించి, మత్స్య శాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా పేరు కలిసేలా హోరాగ్లానిస్ కృష్ణై అన్నారు. త్రిసూర్ జిల్లా నుంచి 2004లో రెండో జాతి, 2012లో అబ్దుల్ కలాం పేరిట మూడో జాతి వెలుగులోకి వచ్చాయి. అరవై ఏళ్లకు మూడు జాతులంటే చేప అరుదైనదని అనిపిస్తుంది కానీ, నేలలోపల వల వేయలేని శాస్త్రవేత్తకు అది ఎక్కడెక్కడ ఉందో తెలిసే దారే అరుదు.

అందుకే కేరళ మత్స్య, సముద్ర అధ్యయన విశ్వవిద్యాలయ పరిశోధకులు, వారి సహచరులు రోజూ నీళ్లు తోడుకునే మనుషులనే ఆశ్రయించారు. ఆరేళ్ల సర్వేలో బావుల నుంచీ, మోటారుతో నింపే ట్యాంకుల నుంచీ చేపలు చేతికందాయి. 2023లో వెలువడిన ఫలితాల్లో 47 కొత్త స్థలాలు, 65 కొత్త జన్యు క్రమాలు (చేపల డీఎన్‌ఏ చదివి రాసుకున్న వరుసలు) ఉన్నాయి. ఈ చేపల విషయంలో చూపును నమ్మలేము. పైకి అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండి, డీఎన్‌ఏలో ఎంతో దూరం జరిగిన జాతులివి. కనుక దొరికిన చోటు, దొరికిన తేదీ, భద్రపరిచిన నమూనా, దాని జన్యు క్రమం కలిసినప్పుడే పటంపై ఒక చుక్కను నమ్మకంగా పెట్టగలం. అలా చుక్కలు పెడుతూ పోగా నాలుగో జాతి బయటపడింది. సాయం చేసిన జనానికి గుర్తుగా, ప్రజలను సూచించే లాటిన్ మాటతో దానిని పాపులి అన్నారు.

కొత్త జాతికి దక్కే గౌరవం కొత్త చోటుకు దక్కకపోవడం నాకు అన్యాయమనిపిస్తుంది. చేప ఎంత మేర వ్యాపించి ఉందో తెలియకుండా దానికి ముప్పు ఉందో లేదో చెప్పలేము. పటంలో ఖాళీగా ఉన్న చోట చేప లేదనీ చెప్పలేము, అక్కడ ఎవరూ చూడలేదని మాత్రమే చెప్పగలం. ఇళ్లు కట్టే ఎర్రరాయి కోసం క్వారీ తవ్విన చోట ఆ రాతి గుల్లలతోపాటే చేప నెలవూ పోతుంది. అక్కడ అది ఒకప్పుడు ఉండేదని తెలియాలంటే, తవ్వకానికి ముందే ఎవరో ఒకరు తమ చేదలో దానిని గమనించి, పారబోయకుండా కబురు పంపి ఉండాలి.