అవ్వ కుడిచెయ్యి

తిరుపతిలో గాజుల అంగడికి పోతే మా అవ్వ ముందు కుడిచెయ్యే చాచేది. "దీనికి ఎక్కితే ఎడమచేతికి ఎక్కినట్టే నాయనా" అనేది. ఏళ్ళ తరబడి ఇసుర్రాయి తిప్పి, సంగటికి రాగులు విసిరిన చెయ్యి అది. గాజు ఇరుక్కునేది అరచేతి దగ్గర, అందులో కండ కూడా ఉంటుంది, నిజమే. కానీ పనిని బట్టి లోపలి ఎముక కూడా మారుతుంది.

ఎముక ఎండు కట్టె కాదు. అందులో కొన్ని కణాలు పాతదాన్ని కరిగిస్తుంటే, కొన్ని కొత్తది కడుతుంటాయి. బరువు పడే చోట కట్టుబడి పెరుగుతుంది. జర్మన్ వైద్యుడు యూలియుస్ వోల్ఫ్ 1892లోనే ఈ సంగతి రాశాడు. 1977లో టెన్నిస్ ఆటగాళ్ళ దండచేతి ఎముకకు ఎక్స్‌రే తీసి చూస్తే, రాకెట్ పట్టే వైపు ఎముక గోడ మగవాళ్ళలో సుమారు 35 శాతం, ఆడవాళ్ళలో 28 శాతం ఎక్కువ మందంగా ఉంది.

నాకు ఇందులో నచ్చేది ఆ పోలికలోని తెలివి. రెండు చేతులకూ తల్లిదండ్రులు వాళ్ళే, తిన్న తిండీ అదే. కాబట్టి తేడా వస్తే అది చాలావరకు పని వల్లే. వేల ఏళ్ళ నాటి అస్థిపంజరం దొరికినా ఇలా కుడిఎడమలు పోల్చి చూస్తారు.

అయితే రెండు చేతులతో చేసే పని మాటేమిటి? మధ్య ఐరోపాలో తొలి రైతు స్త్రీల ఎముకలను కేంబ్రిడ్జ్ పరిశోధకులు స్కాన్ చేసి 2017లో ఫలితాలు చెప్పారు. ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుని చూస్తే, ఆ స్త్రీల దండచేతి ఎముకలు నేటి పడవ పందేల క్రీడాకారిణుల ఎముకల కన్నా 11 నుంచి 16 శాతం బలమైనవి. బల్లపరుపు రాయి మీద ఇంకో రాయిని రెండు చేతులా ముందుకూ వెనక్కూ తోస్తూ ధాన్యం నూరడం అందుకు ఒక కారణం కావచ్చట. ఇలాంటి పని కుడిఎడమల తేడాలో కనబడదు, వేరే మనుషులతో పోల్చాల్సిందే. అక్కడే వంశం అడ్డొస్తుంది.

చలి దేశాల జంతువులకు కాళ్ళూ చెవులూ పొట్టిగా ఉంటాయని అమెరికన్ జీవశాస్త్రవేత్త జోయెల్ అలెన్ 1877లో గమనించాడు. మనుషుల్లోనూ అంతే. ఉష్ణ దేశాల వాళ్ళకు తొడ ఎముకతో పోలిస్తే మోకాలి కింది ఎముక పొడుగు. మంచుయుగంలో ఐరోపా చేరిన తొలి ఆధునిక మానవుల కాళ్ళు చాలాకాలం ఈ ఉష్ణ దేశపు కొలతల్లోనే ఉన్నాయి. ఊరు మారినంత తొందరగా ఒళ్ళు మారదు కదా. పొడవును ఎక్కువగా వంశమూ చిన్ననాటి తిండీ తేలుస్తాయి. అలిపిరి మెట్లు 3,550, రోజూ ఎక్కినా కాలు వేలెడు పెరగదు. మెట్ల జోరు తెలిసేది ఎముక నడిమి భాగపు మందంలో. అదీ ఎదిగే వయసులో ఎక్కితే ఎక్కువ.

తర్వాత ఊళ్ళోకి పిండి మిషన్ వచ్చింది, ఇసుర్రాయి పెరట్లోకి పోయింది. ముసలితనంలో కూడా అవ్వకు కుడిచేతి గాజే బిగుతు. బేస్‌బాల్ బంతి విసిరేవాళ్ళ మీద 2014లో వచ్చిన అధ్యయనం ప్రకారం, వయసులో పెరిగిన ఎముక పరిమాణంలో సగం, బలంలో మూడోవంతు ఆట మానేశాక కూడా జీవితాంతం నిలిచాయి. బంతి విసరడం, రాగులు విసరడం మనకు ఒకటే మాట.