పొగగొట్టం మీద మంట లేస్తే పొయ్యి బాగున్నట్టా? బెల్లం పొయ్యి: అపోహలు – వాస్తవాలు

బెల్లం సీజను మొదలైతే చాలు, నా ఫోనుకి ఇదే పాట. "పిప్పి సాలట్లేదు మేస్త్రీ, బ్లోయరెట్టీమంటావేటి?" బెల్లం పొయ్యిలో కాల్చేది రసం తీశాక మిగిలిన చెరకు పిప్పినే; బ్లోయరంటే పొయ్యిలోకి గాలి కొట్టే ఫ్యాను. అనకాపల్లి, చోడవరం వైపు పెనాలు, పొయ్యిలు కట్టడమే నా పని. బ్లోయర్ పెడితే నాకూ నాలుగు డబ్బులొస్తాయి. అయినా ముందు వద్దనే అంటాను.

అపోహ: గొట్టం పైన మంట కనిపిస్తే పొయ్యి బాగా లాగుతున్నట్టు.

వాస్తవం: పెనానికి తగలాల్సిన వేడి ఆకాశానికి పోతున్నట్టు! 100 కిలోల రసం పోస్తే అందులో దాదాపు 80 కిలోల నీరు ఆవిరైపోవాలి. మరుగుతున్న నీరు కిలో ఆవిరి కావాలంటే సుమారు 540 కిలోకేలరీలు కావాలి. పిప్పి కుక్కేస్తే కింది నుంచి గాలి అందదు. సగం కాలిన పొగ గొట్టం దాకా వెళ్లి, అక్కడ బయటి గాలి తగిలి అంటుకుంటుంది. అదే మీరు మురిసిపోయే మంట. నల్లపొగదీ ఇదే జబ్బు.

చోడవరం దగ్గర ఒక రైతు ఎవరో చెప్పారని అప్పు చేసి మరీ బ్లోయర్ కొన్నాడు. మంట ఒక్కచోటే కొట్టి పాకం అడుగంటింది, దిమ్మలు నల్లబడి ధర పడిపోయింది. నేను వెళ్లేసరికి పొయ్యి పడగొట్టించాలేమోనని దిగులుగా కూర్చున్నాడు. వంగి చూస్తే బూడిద గుంట, పిప్పి కాలే ఇనుప చువ్వల దాకా నిండిపోయి ఉంది. పిప్పి గుప్పిట్లో పిండితే చెయ్యి తడిసింది. బ్లోయర్ ఆపించి, బూడిద పారతో లాగించి, ఎండిన పిప్పి కొంచెం కొంచెంగా వేయించాను. కాసేపటికి పొగ పల్చబడి, రసం పెనమంతా ఒకే తీరుగా మరిగింది. పడగొట్టడాలేమీ లేవు.

కాబట్టి ఖర్చు పెట్టే ముందు బూడిద తీయండి. గానుగ నుంచి వచ్చిన పిప్పిలో ఇంచుమించు సగం నీళ్లే, బాగా ఎండబెట్టండి. పిప్పి వేశాక పొయ్యి నోటికి రేకు అడ్డం పెట్టండి, అటునుంచి దూరే చల్లగాలి పెనాన్ని చల్లారుస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా డబ్బు పెట్టాలనుంటే రెండో పెనానికి పెట్టండి. పెద్ద పెనానికీ గొట్టానికీ మధ్య అది కూర్చుంటుంది. పచ్చి రసాన్ని మరుగు దాకా తేవడానికే మొత్తం వేడిలో ఏడో వంతో ఎనిమిదో వంతో పోతుంది. ఆ పని గొట్టానికి పోయే వేడే చేసిపెడుతుంది. పెనం అడుగున రేకు పట్టీలు నిలువుగా వెల్డింగ్ చేయించినా మేలే, మంట తగిలే మేర పెరుగుతుంది. కెనడాలో మేపుల్ చెట్టు రసం కాచేవాళ్ల పెనాలకూ అడుగున లోతైన మడతలుంటాయి. పాపం వాళ్ల రసంలో తీపి 2 శాతమే, 40 లీటర్లు కాస్తే గానీ లీటరు పాకం రాదు. మన చెరకు ఎంతో నయం.

అపోహ: స్టీలు పెనమైతే త్వరగా మరుగుతుంది.

వాస్తవం: లేదు. ఇనుము కంటే స్టీలుకే వేడి నెమ్మదిగా పాకుతుంది. అసలు పెనం అడుగున పేరుకున్న మసి ముందు ఈ తేడా ఏపాటిది? స్టీలు శుభ్రం కోసం వేయించుకోండి, తప్పులేదు.

అపోహ: పెనం లోతుంటే లాభం.

వాస్తవం: ఆవిరి లేచేది పైభాగం నుంచి. వెడల్పు కావాలి. అంచు మాత్రం ఎత్తుగా ఉంచండి, రసం పొంగుతుంది.

అపోహ: తెల్ల బెల్లమే మంచి బెల్లం.

వాస్తవం: అది హైడ్రోస్ అనే, రంగు పోగొట్టే రసాయనం తెచ్చిన తెలుపు. రసం కాగేటప్పుడు పైకి తేలే మడ్డి సరిగా తీసి, బెండ జిగురు వాడితే బంగారు రంగు దానంతటదే వస్తుంది.

అపోహ: పాకానికి థర్మామీటరు ఎందుకు, పాతకాలం వంటవాడి చెయ్యి చాలు.

వాస్తవం: చాలు, ఆయన ఉన్నంత వరకు. దిమ్మ కట్టాలంటే 118 డిగ్రీల దగ్గర దించాలి. నీళ్లలో చుక్క వేసి ఉండ చూడటం మానక్కర్లేదు, పక్కన థర్మామీటరు కూడా పెట్టుకోండి. ఇక రెండో పెనం పెట్టించుకున్నవాళ్లకు ఒక్క మాట: కింద మంట ఉన్నంతసేపూ దాన్ని ఖాళీగా వదలకండి, అడుగు వంకర తిరిగిపోతుంది.