లె పుయ్ చాపెళ్ల గురించి నేను తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

పాత రాతి కట్టడాల మరమ్మతు నా పని. ఫ్రాన్స్‌లోని లె పుయ్-ఆన్-వెలే చూసొచ్చిన మనవాళ్లు ఫొటోలు పంపి అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు, అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను.

అపోహ: చాపెల్ అంటే చిన్న చర్చి.
సైజుతో సంబంధం లేదు. ఊరివాళ్ల పెళ్లిళ్లు, బాప్టిజాలు చూసుకునేది పారిష్ చర్చి, ఆ బాధ్యత లేని ప్రార్థనాస్థలం చాపెల్. ప్యారిస్‌లోని సాంత్ షపెల్ పై అంతస్తు లోపలి ఎత్తే 20 మీటర్లు దాటుతుంది, అదీ చాపెలే. సెయింట్ మార్టిన్ తన పైవస్త్రాన్ని కత్తితో కోసి సగం బిచ్చగాడికి ఇచ్చాడంటారు. మిగిలిన ముక్కను దాచిన చోటికి ఆ వస్త్రం పేరే వచ్చింది, చాపెల్ అనే మాట అందులోంచి పుట్టిందే.

అపోహ: నిటారు బండ మీదున్న సాన్ మిషెల్ చాపెల్‌ని ఒకేసారి కట్టేశారు.
దీని దగ్గర కాస్త ఆగాలి. 268 మెట్లెక్కి పైకి వెళ్లేసరికి ఆయాసంతో సరిగ్గా చూడం, కానీ లోపల ఐదు నిమిషాలు కూర్చుంటే రెండు కట్టడాలు కనిపిస్తాయి. లె పుయ్ బిషప్ గొడెస్కాల్ 950-951లో స్పెయిన్‌లోని సాంతియాగోకి యాత్ర చేసి వచ్చాడు, ఆ తర్వాత 960ల మొదట్లో ఈ బండ మీద చిన్న చదరపు గది, దానికి అతుక్కుని గుండ్రటి గూళ్లు వెలిశాయి. రెండు వందల ఏళ్లకు, 12వ శతాబ్దంలో, జనానికి చోటు చాలక పెంచారు. పైన చదును నేల ఎక్కడుంది? బండ అంచు ఎటు వంగితే గోడ కూడా అటే వంగింది. అందుకే స్తంభాలు వరుసలో ఉండవు, కప్పు ఒక్కోచోట ఒక్కోలా వంపు తిరుగుతుంది, నేల కూడా ఎగుడుదిగుడే. దీన్ని పనితనం లోపం అనుకునేవాళ్లుంటారు, నాకైతే ఆ తాపీవాళ్ల మీద గౌరవం పెరుగుతుంది. 1955లో బలిపీఠం దగ్గర చెక్క క్రీస్తు ప్రతిమ, దంతపు పెట్టె బయటపడ్డాయి, అన్ని వందల ఏళ్లు అవి అక్కడే ఉన్నాయి.

అపోహ: సాన్ మిషెల్ గుమ్మం మీద రంగు రాళ్లు, మూడు రేకుల తోరణం ఉన్నాయి కాబట్టి అరబ్బు మేస్త్రీలు కట్టారు.
అరబ్బు కళ పరిచయం మాత్రం నిజం. ఊళ్లోని కెథెడ్రల్ (బిషప్ పీఠం ఉన్న చర్చి) చెక్క తలుపుల మీద కూఫీ అనే పాత అరబ్బీ లిపిని పోలిన అక్షరాలే ఉన్నాయి, ఇక్కడి నుంచి స్పెయిన్‌కి యాత్రికుల దారి కూడా ఉంది. కానీ మేస్త్రీలు అక్కడి నుంచే వచ్చారనడానికి ఆధారం లేదు. ఇది అగ్నిపర్వతాల నేల, నల్లరాయి, లేతరాయి చేతికందేంత దూరంలో దొరుకుతాయి, ఇసువార్ అనే ఊరి చర్చి గోడల మీదా ఇలాంటి రంగుల ఆటే చూస్తాం.

అపోహ: బండ కింద ఉన్న ఎనిమిది పలకల కట్టడం డయానా దేవత గుడి.
కాదు. పేరు అలా స్థిరపడిపోయింది అంతే. అది 12వ శతాబ్దపు సాన్ క్లేర్ చాపెల్.

అపోహ: ఇవన్నీ చర్చి ఆస్తులు.
చర్చినీ ప్రభుత్వాన్నీ విడదీసిన 1905 చట్టం తర్వాత ఫ్రాన్స్‌లో అప్పటికే ఉన్న కెథెడ్రళ్లు ప్రభుత్వానివి, పారిష్ చర్చిలు చాలావరకు స్థానిక సంస్థలవి. సాన్ మిషెల్ అయితే లె పుయ్‌ది కూడా కాదు, పక్కనే విడిగా ఉన్న ఎగ్వీ అనే చిన్న ఊరిది.

అపోహ: పగుళ్లలో సిమెంట్ నింపితే గట్టిపడుతుంది.
దయచేసి ఇది మానండి, మన పాత కట్టడాలకైనా సరే. పాత గోడ తేమ పీల్చుకుంటుంది, మళ్లీ వదులుతుంది. సున్నం అతుకు ఆ తేమను బయటికి పోనిస్తుంది, సిమెంట్ అడ్డుకుంటుంది, అప్పుడు తేమ రాయిలోంచే దారి వెతుక్కుంటూ లోపలి ఉప్పును పైకి లాగుతుంది, ఆ ఉప్పు రాయిని పొడి చేస్తుంది. నేను పనిచేసిన ఒక పాత చాపెల్‌లో (ఈ ఊరిది కాదు) ఎవరో ఎప్పుడో పూసిన సిమెంట్‌ని ఉలితో మెల్లగా లేపుతుంటే, దానికి ఆనుకున్న మెత్తటి రాయి పొడిలా నా అరచేతిలోకి రాలింది. సిమెంట్ అతుకు మాత్రం చెక్కుచెదరకుండా గోడలోంచి వేలెడంత ముందుకు పొడుచుకుని నిలబడే ఉంది.