ముదురు ఎర్ర గోధుమ రంగు గోడలు: అపోహలు - వాస్తవాలు

రంగులు ఎంచుకునేటప్పుడు చాలామంది వేలు షేడ్ కార్డులో ముదురు ఎర్ర గోధుమ దగ్గర కాసేపు ఆగుతుంది. "బాగుందండీ, కానీ..." అంటూ మళ్లీ క్రీమ్ కలర్ వైపు జరుగుతుంది. ఆ "కానీ" వెనక ఏముంటుందో ఇంటీరియర్ పని చేసేవాళ్లకు కంఠతా వచ్చేసి ఉంటుంది.

అపోహ: గది చీకటిగా, ఇరుకుగా అయిపోతుంది.

చీకటి మాట నిజమే. పడిన వెలుతురులో రంగు ఎంత వెనక్కి పంపుతుందో చెప్పే కొలతను ఎల్‌ఆర్‌వీ అంటారు. 0 నుంచి 100 దాకా ఉంటుంది. తెలుపు 80 పైన ఉంటే, ఈ ముదురు షేడ్లు చాలావరకు 5 నుంచి 12 మధ్య ఉంటాయి. గోడ వెలుతురును మింగేస్తుంది కాబట్టి దీపాలు పెంచుకోవాల్సిందే.

ఇరుకు సంగతి మాత్రం వేరు. గోడలకు ముదురు రంగు వేసి స్కర్టింగ్ (గోడ అడుగున ఉండే పట్టీ), తలుపు ఫ్రేములు తెల్లగా వదిలేస్తే ప్రతి అంచూ గీత గీసినట్టు పైకి తేలుతుంది. గది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కంటికి ఇట్టే తెలిసిపోతుంది. అంచులకూ అదే రంగు వేస్తే మూలలు నీడలో కలిసిపోతాయి. "ఒక్క గోడకే వేద్దాం" అనేవాళ్లకు నా సలహా: చిన్న గదైతే నాలుగు గోడలకూ వేయండి, లేదంటే అసలు వద్దు.

అపోహ: కార్డులో చూసిన రంగు గోడ మీద రాలేదంటే పెయింట్ కలపడంలో తేడా వచ్చినట్టే.

నన్నడిగితే ముందు బల్బు చూడమంటాను. 6500 కెల్విన్ (వెలుగు రంగును చెప్పే కొలత) తెల్ల బల్బు కింద ఈ రంగులోని ఎరుపు అణిగిపోయి, గోడ బూడిద పట్టినట్టు కనిపిస్తుంది. అదే గోడ 2700 లేదా 3000 కెల్విన్ వెలుగులో నిండుగా, వెచ్చగా ఉంటుంది. అంతటితో అయిపోలేదు. బల్బు పెట్టె మీద సీఆర్‌ఐ 80 అని చూసి సరే అనుకుంటాం. ఆ బల్బు కింద రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే సగటు అంకె అది. ఆ సగటు కట్టేది 8 నమూనా రంగులతో, అవి కూడా ఘాటులేనివి. ముదురు ఎరుపుకు ఆర్9 అని వేరే అంకె ఉంది. సీఆర్‌ఐ 80 ఉన్న ఎల్‌ఈడీలో ఆర్9 సున్నా దగ్గర ఉన్నా ఆశ్చర్యం లేదు. ఈ గోడలకు సీఆర్‌ఐ 90 పైన, ఆర్9 కనీసం 50 ఉన్న బల్బులు తీసుకోండి. పెయింట్ మార్చడం కంటే బల్బు మార్చడం చవక.

సాయంత్రం దీపాలు వేయకముందు గోడ దాదాపు నల్లగా కనిపించినా కంగారు పడొద్దు. వెలుతురు తగ్గేకొద్దీ మన కన్ను ముందుగా ఎరుపునే పోగొట్టుకుంటుంది. దీన్నే పుర్కిన్యే ప్రభావం అంటారు.

శాంపిల్ నేరుగా తెల్లగోడ మీద వేస్తే పక్కనున్న తెలుపు వల్ల ఉన్నదానికంటే ముదురుగా కనిపిస్తుంది. రెండడుగుల బోర్డు మీద రెండు కోట్లు వేసి, పూర్తిగా ఆరాక గోడకు ఆనించి ఉదయం, మధ్యాహ్నం, రాత్రి చూడండి. తడి ఎమల్షన్ కాస్త లేతగా ఉండి, ఆరాక ముదురుతుంది.

అపోహ: ఎరుపు కదా, త్వరగా వెలిసిపోతుంది.

వెలిసిపోయే ఎరుపులు ఉన్నాయి, కానీ ఈ రంగుకు ప్రాణం సాధారణంగా ఐరన్ ఆక్సైడ్. జేగురుమట్టిలో ఉండేదీ అదే. స్పెయిన్‌లోని ఆల్టమిరా గుహలో వేల ఏళ్ల కిందటి అడవిదున్న బొమ్మల ఎరుపు ఇప్పటికీ నిలిచి ఉంది. ఎండ నేరుగా పడే గోడైతే, టింటింగ్ (పెయింట్‌లో రంగు కలపడం) ఐరన్ ఆక్సైడ్‌తోనే చేస్తున్నారా అని షాపులో అడగండి.

అపోహ: ముదురు రంగు రెండు కోట్లకే కప్పేస్తుంది, పైగా మురికి కనపడదు.

రెండూ తప్పే. ముదురు షేడ్లను డీప్ బేస్‌లో, అంటే ముదురు రంగుల కోసమే ఉండే మూల పెయింట్‌లో, కలుపుతారు. కింది రంగును కప్పే తెల్ల పిగ్మెంట్, అంటే టైటానియం డయాక్సైడ్, అందులో చాలా తక్కువ. తెల్ల ప్రైమర్ మీద వేస్తే మొదటి కోటు తర్వాత రోలర్ చారలు స్పష్టంగా కనిపిస్తాయి, చాలాసార్లు మూడో కోటు తప్పదు. ప్రైమర్‌నే బూడిద లేదా గోధుమ రంగులో టింట్ చేయిస్తే ఆ కష్టం చాలావరకు తప్పుతుంది. ఇక మురికి సంగతి. స్విచ్‌బోర్డు పక్కన మ్యాట్ ఫినిష్ (మెరుపు లేని) గోడను గుడ్డతో గట్టిగా తుడిస్తే మరక పోతుంది, కానీ అక్కడ మెరిసే మచ్చ మిగులుతుంది. ఏటవాలుగా చూస్తే మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది. టచప్ చేసినా కలవదు, ఆ గోడ మొత్తానికీ మళ్లీ ఒక కోటు వేయాల్సిందే. అందుకే చేతులు తగిలే చోట తక్కువ మెరుపున్న, కడగడానికి వీలైన ఫినిష్ మేలు. మరీ మెరిసేది తీసుకుంటే పుట్టీలో ఉన్న ఎగుడుదిగుళ్లన్నీ బయటపడతాయి.

అపోహ: గది వేడెక్కుతుంది.

ఎండ పడే బయటి గోడకూ పైకప్పుకూ అది వర్తిస్తుంది. లోపలి గోడల మీద ఎండ పడేదే తక్కువ. తేడా తెలియదు.

అపోహ: తర్వాత నచ్చకపోతే లేత రంగుకు మార్చలేం.

మార్చొచ్చు. ఎమరీ పేపర్‌తో తేలిగ్గా రుద్ది, దుమ్ము దులిపి, బాగా కప్పే తెల్ల ప్రైమర్ ఒకటి రెండు కోట్లు వేసి, పైన కొత్త రంగు రెండు కోట్లు వేయించండి. ప్రైమర్ దగ్గర పొదుపు చేస్తే మాత్రం మూలల్లోంచి పాత రంగు గులాబీ ఛాయగా తొంగిచూస్తుంది.