బైట్‌లోకి 'వై' ఎలా వచ్చింది?

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం.

ఫోన్లో స్టోరేజ్ చాలడం లేదని ఒకటే గోల చేస్తున్నారట, మీ అమ్మ చెప్పింది. ఎంబీ, జీబీ అని రోజూ అంటుంటారు కదా, ఆ 'బీ' అంటే బైట్. దాని కథ చెబుతాను.

ముందు బిట్. కంప్యూటర్ దాచుకునే సమాచారంలో అన్నిటికంటే చిన్న ముక్క అది. అందులో సున్నా గానీ ఒకటి గానీ పడుతుంది, అంతే. 'బైనరీ డిజిట్' అనే జంట మాటని కుదించి జాన్ టూకీ అనే గణితజ్ఞుడు ఆ పేరు పెట్టాడు. 1948లో క్లాడ్ షానన్ అనే మరో గణితజ్ఞుడు తన పరిశోధన పత్రంలో దాన్ని వాడుతూ, ఇది టూకీ సూచించిన మాటే అని చెప్పాడు.

1956లో ఐబీఎం అనే అమెరికా కంప్యూటర్ కంపెనీ వాళ్ళు స్ట్రెచ్ అనే పెద్ద కంప్యూటర్ తయారీలో ఉన్నారు. కొన్ని బిట్లని కలిపి ఒక్కసారే తీసుకుంటే, ఆ గుంపుని ఏమనాలి? జామకాయ కొరికితే నోట్లోకొచ్చే ముక్కని ఇంగ్లీషులో బైట్ అంటారుగా, అక్కడి ఇంజనీరు వెర్నర్ బుఖోల్ట్స్ ఆ మాటే తీసుకున్నాడు. కానీ దాని స్పెల్లింగ్ బి, ఐ, టి, ఇ. టైపు చేసేటప్పుడు చివరి 'ఇ' ఎగిరిపోయిందంటే మిగిలేది బిట్టే! లెక్కంతా తారుమారు. అందుకని 'ఐ' తీసేసి 'వై' పెట్టారు. మనకా బాధ లేదు లెండి, బిట్‌కి గుడి, బైట్‌కి ఐత్వం.

బైట్ అంటే ఎనిమిది బిట్లే అని మొదట్లో లేదు. ఒకటి నుంచి ఆరు దాకా ఎన్నైనా ఉండేవి. 1964లో వచ్చిన ఐబీఎం సిస్టమ్/360 కంప్యూటర్లతో ఎనిమిది స్థిరపడింది. సగం బైట్‌ని నిబుల్ అంటారు, అంటే కాస్తంత కొరకడం. ఎవరో చమత్కారి పెట్టినట్టుంది!

ఎనిమిది బిట్లతో 256 రకాల గుర్తులు వస్తాయి. ఇంగ్లీషుకి అవి ధారాళంగా సరిపోతాయి, ప్రపంచంలోని లిపులన్నిటికీ ఎక్కడ చాలుతాయి? అందుకే ఇప్పుడు ఇంటర్నెట్‌లో అక్షరాల్ని బైట్లుగా రాయడానికి ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో మన 'అ'కి మూడు బైట్లు పడతాయి. 'స్త్రీ' చూడండి. కంటికి ఒక్క అక్షరమే. లోపల మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఒక్కోదానికి మూడేసి చొప్పున, ఆరు మూళ్ళు 18 బైట్లు!

మీ పేర్లకు ఎన్ని బైట్లో లెక్కగట్టి జవాబు రాయండి. ఒత్తు కనిపిస్తే దాని పొల్లుని కూడా కలపాలి సుమా.

ఇట్లు,
తాతయ్య